ఎడమ వైపు బ్రాకెట్

మా అక్క మైలవరం దగ్గర ఒక స్కూల్లో లెక్కల టీచరు. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి విజయవాడ వచ్చేది. మాతో చర్చికొచ్చి, మధ్యాహ్నం మా ఇంట్లో భోంచేసి, సాయంత్రం తిరిగి వెళ్లేది. మాది వన్ టౌన్‌లో ఒక బట్టల గోడౌను పైన అద్దె ఇల్లు. మా అమ్మాయి టెన్త్‌కి రాగానే ఆ మధ్యాహ్నాలన్నీ లెక్కలకే పోయాయి.

అమ్మాయికి వర్గ సమీకరణాలంటే భయం. మొదటి ఆదివారం అక్క ఒక తెల్లకాగితం మీద x² − 7x + 12 = 0 అని రాసింది. నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నాను.

"చివర ఉన్న పన్నెండు చూడు. ఏ రెండు సంఖ్యలు గుణిస్తే అదొస్తుంది?"

"రెండు, ఆరు."

"కలిపితే ఎనిమిదవుతుంది. మనకి ఏడు కావాలి."

"అయితే మూడు, నాలుగు."

"మధ్యలో మైనస్ ఉంది కాబట్టి రెండింటికీ మైనస్ పెట్టు."

కాగితం మీద (x − 3)(x − 4) = 0 అని వచ్చింది. "గుణిస్తే సున్నా వచ్చిందంటే వీటిల్లో ఏదో ఒకటి సున్నా అయి తీరాలి. ఇది సున్నా అయితే x మూడు. అది సున్నా అయితే నాలుగు. రెండు జవాబులూ రాయాలమ్మా" అంది అక్క. అంత తేలిగ్గా ఉంటుందని నాకూ తెలీదు. నా చదువు రోజుల్లో ఎవరూ అలా చెప్పలేదు.

వానాకాలం అయిపోవస్తుండగా ఒక ఆదివారం, అక్క బస్సెక్కి వెళ్లిపోయాక, అమ్మాయి వంటింట్లోకొచ్చింది.

"అమ్మా, పెద్దమ్మ ఇవాళ అన్ని లెక్కలకీ ఒక్క జవాబే చెప్పింది."

"నీకు పరీక్ష పెట్టిందేమోలే."

"కాదమ్మా. రెండోది ఏదని అడిగితే, ఇంకేముంది, అయిపోయిందిగా అంది. చూడు, ఎప్పుడూ ఎడమ వైపు బ్రాకెట్టే వదిలేస్తోంది."

కాగితం చూశాను. అంతకుముందు అక్క అక్షరాలు కాగితం నిండా తీర్చినట్టుండేవి. ఇప్పుడు అన్నీ కుడి పక్కకి జరిగిపోయి ఉన్నాయి. ఎడమ సగం ఖాళీ. ఏదో అలసట అనుకున్నాను గానీ, ఆ కాగితం ముందు నుంచి వెంటనే లేవలేకపోయాను.

మరుసటి ఆదివారం అక్క పళ్లెంలో గోంగూర పచ్చడి ఎడమ పక్కన వేశాను. గోంగూరంటే తనకి ప్రాణం. అన్నం తినేసి, పచ్చడి ముట్టకుండా చెయ్యి కడగబోయింది.

"పచ్చడి వదిలేశావేంటక్కా?"

"వెయ్యందే ఎలా తింటానే?"

పళ్లెం అటుది ఇటు తిప్పాను. అప్పుడు చూసి నవ్వింది. "ఇప్పుడు వేశావా?" అంది. అమ్మాయి నా వైపు చూసింది.

ఆ సాయంత్రం అక్కకి చెప్పులు కొందామని బెంజ్ సర్కిల్‌కి వెళ్లాం. రోడ్డు దాటుతుంటే ఎడమ నుంచి ఒక ఆటో హారన్ కొడుతూ మీదికొచ్చింది. నేను ఆగాను. అక్క ఆగలేదు. జబ్బ పట్టి వెనక్కి లాగాను. ఆటో ఆమె చీర కుచ్చిళ్లని రాసుకుంటూ పోయింది.

"ఎందుకలా లాగావు?" అని విసుక్కుంది.

"ఆటో వచ్చిందక్కా."

"ఎక్కడ?"

చెప్పులు కొనకుండానే ఇంటికి తీసుకొచ్చేశాను. ఆ రాత్రి తనని ఊరికి పంపలేదు.

మర్నాడు కళ్ల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాను. గోడ మీద అక్షరాలు చదవమంటే అక్క ప్రతి వరసనీ మధ్య నుంచి మొదలుపెట్టింది. ఆయన కళ్లద్దాల సంగతి ఎత్తలేదు. ఇంట్లో మగవాళ్లెవరున్నారని అడిగారు. మా ఆయన ఆఫీసుకి వెళ్లారండీ, నాతో చెప్పండి అన్నాను. "కళ్లు బాగానే ఉన్నాయమ్మా. ఆలస్యం చెయ్యకుండా తలకి స్కాన్ తీయించండి" అన్నారు.

మెదడులో కుడి పక్కన గడ్డ ఉంది. కుడి పక్క దెబ్బతింటే మనిషికి ఎడమ ప్రపంచం ఉన్నట్టే తెలియదని, కళ్లకి ఆనినా మనసుకి అందదని ఆపరేషన్ చేసే డాక్టరు గారు చెప్పారు. అక్క పక్కనే కూర్చుని శ్రద్ధగా విని, "నాకేమీ లోటుగా లేదండీ" అంది. నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ మాటే.

ఆపరేషన్ అయ్యాక డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచారు. తీయగలిగినంత తీశామని, కొంత లోతుగా ఉంటే ముట్టుకోలేదని అన్నారు. ఆ కొంత ఎంతో నేను అడగలేదు.

అక్క ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. రేడియేషన్ అయింది. జుట్టు మళ్లీ వస్తోంది. మొన్న అమ్మాయికి వరసగా నాలుగైదు లెక్కలు ఎక్కడా తప్పకుండా చేసి చూపించింది. స్కూలు తెరిచాక వెళ్తానంటోంది. నేను సరేనంటున్నాను.

ఈ ఆదివారం చర్చి మెట్లు దిగుతుండగా అక్క ఎడమ కాలి చెప్పు జారిపోయింది. తను అలాగే ముందుకి నడిచింది. ఎండకి నేల కాలిపోతోంది. పరిగెత్తి కాలికి తొడిగాను.

"ఏమైందే?" అంది.

"ఏం లేదక్కా. పట్టీ వదులైంది."

ఇంటికి రాగానే డాక్టరు గారికి ఫోన్ చేశాను. వచ్చే నెలలో తీయాల్సిన స్కాన్ దాకా ఆగొద్దని, బుధవారమే తీసుకురమ్మన్నారు. అక్కకి ఇంకా చెప్పలేదు.