బీడీల షెడ్డులో నేను ఎగరేసిన యుద్ధవిమానాలు

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తూనే నవ్వాను, తిన్నాను, ఒళ్లు కూడా చేశాను. అయినా అది దిగలేదు. ఎవరో తెలియని మీకు చెబితే దిగుతుందేమో.

ఎనభైలలో ఆర్మూర్‌లో మా బీడీల షెడ్డుకు నేనే పేపరు చదివేదాన్ని. చదివినంతసేపు బీడీలు చుట్టనక్కర్లేదు. నా చాటలోని ఆకును మిగతా ఆడవాళ్లు తలా కాస్త పంచుకుని చుట్టేవాళ్లు. అమెరికా పాకిస్తాన్‌కు యుద్ధవిమానాలు ఇస్తోందన్న వార్త వచ్చినప్పుడు అందరూ చెవులు రిక్కించారు. ఊరికే ఎవరిస్తారు, రేపు తన మాట కాదనకుండా నోరు కట్టెయ్యడానికే కదా అని విడమరిచి చెప్పాను. ఎంత మెచ్చుకున్నారో. మూడో రోజుకు పేపరులో ఆ వార్త ఆగిపోయింది. నేను ఆగలేదు. పేపరు అడ్డం పెట్టుకుని ఆ విమానాలను నా ఇష్టమొచ్చినట్టు ఎగరేశాను. బద్ధకమా? పదిమందీ నా నోటివైపే చూస్తున్నారన్న సంబరమా? రెండూనేమో.

ఒకరోజు సత్తెవ్వ చుడుతున్న బీడీ ఆపేసింది. ఆమె భర్త గంగారాంకు దుబాయి వీసా వచ్చి వారమైంది.

"అక్కా, గా విమానాలు దుబాయి పోయే తొవ్వలనే తిరుగుతున్నయా?"

"గదే తొవ్వల. కనబడ్డదాన్నల్లా కూలగొడ్తరట."

"అయితే మా ఆయన పోవద్దంటవా?"

"నేనేమంట? పేపర్ల ఉన్నది చదువుతున్న."

పేపరులో ఆ రోజు ఉన్నది పసుపు పంటకు పట్టిన తెగులు సంగతి.

సత్తెవ్వ పాస్‌పోర్టును బియ్యం డబ్బాలో దాచేసింది. వీసా గడువు దాటిపోయింది. ఆ కొలువుకు అంకాపూర్ మనిషెవరో వెళ్లి, రెండేళ్లకు టేప్‌రికార్డర్ చంకన పెట్టుకుని చక్కగా తిరిగొచ్చాడు. గంగారాం మార్కెట్లో పసుపు బస్తాలు మోస్తూ ఉండిపోయాడు.

ఏటా కొత్త పసుపు రాగానే సత్తెవ్వ నాకు కాసిని కొమ్ములు తెచ్చిస్తుంది. నా చదువు వల్లే భర్త కళ్లముందున్నాడని ఆమె నమ్మకం. నేను తీసుకుంటాను. తీసుకున్నాక నిజం ఎలా చెప్పను? విమానాలు పుచ్చుకున్నవాళ్ల నోరు ఎందుకు పెగలదో అంత బాగా వివరించినదాన్ని, నా నోరు ఎందుకు పెగలడం లేదో తెలుసుకోవడానికి ఇన్నేళ్లు పట్టాలా?

సత్తెవ్వ సుఖంగానే ఉంది. అది తలుచుకుని నాకు నేను సర్దిచెప్పుకున్న రోజులు బోలెడు. కానీ గంగారాంను ఎవరం అడిగాం? ప్రయాణానికని కుట్టించుకున్న కొత్త చొక్కా వేసుకుని, షెడ్డు గుమ్మం దాకా వచ్చి మా అందరికీ చూపించుకుని సిగ్గుపడ్డాడు. నేనే అందరికంటే గట్టిగా నవ్వి, బాగుందన్నాను. ఆ తర్వాత నాలుగు రోజులకే అతని దారికి అడ్డం పడ్డాను.

సత్తెవ్వకు చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు. ఈ కాగితం మీద రాయగలిగాను. కొంచెం ఊపిరాడుతోంది.