కొట్టేసిన నలభై నాలుగు

ఎమ్మిగనూరులో తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతాను. సగటు పాఠం కోసం, ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఎంత వేడి ఉందో చూసి రాసుకురమ్మని పిల్లలకు ల్యాబ్‌లోని థర్మామీటర్లు ఇచ్చాను.

ఈ రోజు చూస్తే అందరివీ ముప్పై ఎనిమిదికి అటూ ఇటూగా ఉన్నాయి. గాయత్రి ఒక్కతే నలభై నాలుగు రాసింది.

"ఎండలో పెట్టుంటావులే," అని ఎర్ర పెన్నుతో కొట్టేశాను. క్లాసంతా నవ్వింది.

"లేదు మేడం, మగ్గం పక్కనే పెట్టినా. మాది రేకుల ఇల్లు. ఫ్యాను వేస్తే పోగులు తెగుతాయని మాయమ్మ వేయనీదు. ఆడనే కూర్చొని నేస్తాంటాది," అంది.

కొట్టేసిన నలభై నాలుగును మళ్లీ రాసి, దాన్నీ కలిపి సగటు వేయించాను. కానీ ఎండాకాలం చల్లగా ఉంటుందని నేను ఈ రోజు కట్టుకెళ్లింది నేత చీరే. రేపు ఆ పిల్ల ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడాలో మీరే చెప్పండి.