ముల్లు అబద్ధమాడుతోందని పెద్దమ్మ చెప్పింది

పెద్దమ్మ పోయిందని పోయిన గురువారం సాయంత్రం ఫోను వచ్చింది. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చిందట. నాలుగింటికి టీ పెట్టి కూతురు లేపితే లేవలేదట. ఫోను చేసింది ఆ కూతురే. నేను దీదీ అని పిలుస్తాను. "అమ్మ నేదు. మీ హోటల్లో సెప్పాలనుకుంటే సెప్పు, నేకపోతే మానెయ్," అని పెట్టేసింది.

ఆమె గొంతులో ఏడుపు కంటే కోపమే ఎక్కువగా వినిపించింది. అది న్యాయమైన కోపం. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఈ దీవుల్లో పుట్టిన దాన్ని, తెలుగు మాట్లాడినంత తేలిగ్గా రాయలేను. అయినా ఇంగ్లీషులో సంతకం పెట్టిన అబద్ధాన్ని పెద్దమ్మ భాషలో వెనక్కి తీసుకోవాలనిపించింది.

మిన్నీ బే వైపు సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక హోటల్లో నేను స్టోరు చూస్తాను. పెద్దమ్మ అక్కడ నేల తుడిచే పనిలో చేరింది. నాకు చుట్టం కాదు. వంటవాళ్ల దగ్గర్నుంచి గేటు దగ్గర భయ్యా దాకా అందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలిచేవారు. వాళ్లమ్మ శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి, హాడోలో రేవు కూలీలకు చుట్టలు చుట్టి అమ్మి పిల్లల్ని పెంచింది. పొగాకు ఓడలో రావాలి, వచ్చిన ఆకును ఈ గాలి కాపాడనివ్వదు. ఇక్కడ ఏడాదిలో ఎక్కువ నెలలు వానే. ఆకు చెమ్మ పీల్చి బూజు పట్టకుండా, అలాగని పొయ్యి సెగకు పెళుసెక్కి పొడి రాలకుండా, రెండింటి మధ్యా నిలపడం పెద్దమ్మ ఏడెనిమిదేళ్ల వయసుకే నేర్చుకుంది.

హోటల్ బార్లో విదేశీ చుట్టలు పెట్టే బీరువా ఒకటి ఉంది. లోపలంతా దేవదారు చెక్క, ముందు అద్దం తలుపు. అప్పటి మేనేజరు మంచివాడు. ఒకరోజు ఒక అతిథి వెలిగించిన చుట్ట మూడుసార్లు ఆరిపోయింది. ఆయన మేనేజరు మీద కేకలేస్తుంటే, పక్కన నేల తుడుస్తున్న పెద్దమ్మ తలెత్తి, "అది కాలదు బాబూ, లోన తడిసిపోనాది," అంది. మేనేజరు ఆమెను బీరువా దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె చేతులు కొంగుకి తుడుచుకుని ఒక్కొక్క చుట్టా తీసి, రెండు వేళ్లతో మెల్లగా నొక్కి, చెవి దగ్గర తిప్పి, మూడు వరసలుగా పేర్చింది. తడిసినవి, ఎండినవి, బాగున్నవి. తర్వాత ఆ అతిథి బాగున్నవాటిలోంచి ఒకటి వెలిగించుకుని చివరిదాకా కాల్చాడు. మరునాటి నుంచి బీరువా తాళం పెద్దమ్మ బొడ్లోనే ఉండేది.

బీరువాలో చెమ్మ కొలిచే గుండ్రటి మీటరు ఒకటి ఉంటుంది. ముల్లు అరవై అయిదుకీ డెబ్బైకీ మధ్య ఉండాలి. ఆ మీటర్లు నమ్మదగ్గవి కావని, వాటిని ఉప్పుతో పరీక్షించాలని ఆ మేనేజరే పెద్దమ్మకు నేర్పాడు. ఆమె నాకు నేర్పింది. సోడా మూతలో ఉప్పు పోసి, ముద్దగా అయ్యేలా నాలుగు చుక్కలు నీళ్లు వేసి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో పెట్టి మూత బిగించాలి. మరునాడు చూస్తే ముల్లు డెబ్బై అయిదు దగ్గర ఉండాలి.

"లేకపోతేనో?" అని నేను అడిగాను.

"నేకపోతే ముల్లు అబద్ధమాడతన్నట్టే గుంటా. ముల్లు ఏటి సెప్తాదో ఇను. ఇన్నాక ఏలుని అడుగు."

వేలు అంటే ఆమె తన చూపుడువేలు పైకి లేపేది. ఆ వేలి గోరు పసుపుపచ్చగా ఉండేది. ఆమె ఒకప్పుడు అడ్డచుట్ట కాల్చేది, నిప్పు నోట్లోకి పెట్టుకుని. అంగిట్లో మచ్చ వచ్చిందని డాక్టరు బెదిరించాక మానేసింది. అలవాటు పోయినా ఆకు మీద మమకారం పోలేదు. "ఆకుకి దాహం పనికిరాదు, జలుబూ పనికిరాదు," అనేది. కరెంటు పోతే పరుగున వచ్చి బీరువా ముందు నిలబడి ఎవరినీ తలుపు తీయనిచ్చేది కాదు. ఏసీ ఆగిందంటే బయటి తడి గాలి లోపలికి దూరుతుందని ఆమె భయం. వారానికోసారి కింద వరస చుట్టల్ని పైకీ, పై వాటిని కిందికీ మార్చేది. చెమ్మ నిలవడానికి బీరువాలో పెట్టే గిన్నెలోకి కుళాయి నీళ్లు రానిచ్చేది కాదు. బ్యాటరీలో పోసే శుభ్రమైన నీళ్ల క్యాన్లు నా దగ్గర తీసుకుని, మూత వాసన చూసి మరీ పట్టుకెళ్లేది.

మంచి మేనేజరు బదిలీ అయిపోయాడు. మెయిన్‌ల్యాండ్ నుంచి కొత్తాయన వచ్చాడు. ఇప్పటికీ ఆయనే మాకు మేనేజరు. అందుకే పేరు రాయడం లేదు. రాయకపోయినా ఇది చదివితే తెలుసుకుంటాడు. తెలుసుకోవాలి కూడా. పెద్దమ్మ బార్లో అతిథులకు కనబడకూడదని మొదటి వారంలోనే చెప్పాడు. చుట్టలు చేత్తో ముట్టకూడదన్నాడు. నీళ్లు పోస్తే తడి గాలి ఊదే చిన్న మెషినూ, బంగారు రంగు అంచున్న కొత్త మీటరూ తెప్పించాడు. ముల్లు డెబ్బై కంటే తగ్గినప్పుడల్లా మెషిన్ ఆన్ చెయ్యాలి. అదొక్కటే పెద్దమ్మకు మిగిల్చిన పని.

పది రోజులకే ఆమె నన్ను వెంటబెట్టుకుని ఆయన గదికి వెళ్లింది. హిందీ ఆమెకు బాగా వచ్చు. అయినా సాక్షి కావాలనుకుందేమో.

"సాబ్, యే మీటర్ ఝూఠ్ బోల్‌తా, అబద్ధమాడతంది. ఆకు బరువెక్కిపోతంది. ఉప్పు పెట్టి సూద్దాం, ఒక్కరోజు," అంది.

"నమక్?" అని నవ్వాడాయన. "యే కిచెన్ నహీ హై, అమ్మా. మీటర్ కొత్తది. మెషిన్ ఆపితే నీ డ్యూటీ ఆపేస్తాను."

ఆమె మెషిన్ ఆపలేదు. రోజూ వచ్చి నాతో చెప్పేది. "ఉబ్బిపోతన్నాయే. పైఆకు సిట్లుతంది." నేను రోజూ తలూపేదాన్ని.

వానాకాలం మధ్యలో ఎవరో పెద్దమనుషుల విందు కోసం బీరువా తెరిచారు. వరసలన్నీ తెల్లగా, పచ్చగా నూగు పట్టి ఉన్నాయి. ఒక్కటి కూడా పనికిరాలేదు. అంతమంది ముందు తల దించుకోవాల్సి వచ్చినందుకు ఎవరో ఒకరు దొరకాలి. ఆ ఒకరు పెద్దమ్మ అయింది. ఆమె మెషిన్లో కుళాయి నీళ్లు పోసిందనీ, తడి చేతులతో ముట్టిందనీ మేనేజరు రిపోర్టు రాశాడు. కుళాయి నీళ్లు పోసిందంటే స్టోరు నుంచి మంచి నీళ్లు తీసుకోలేదన్నమాట. అది నిజమని నేను సంతకం పెట్టాలి. క్యాన్లు ఇచ్చింది నేనే. ప్రతి క్యానూ ఈ చేతులతోనే ఇచ్చాను. నా ఉద్యోగం పర్మనెంట్ చేసే కాగితం అదే బల్ల మీద, ఆ రిపోర్టు పక్కనే ఉంది. ఆయన నన్ను బెదిరించలేదు. ఊరికే ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టాడు.

పెట్టేశాను సంతకం.

పెద్దమ్మను లాండ్రీకి వేశారు. ఆ సాయంత్రం బట్టల గది గుమ్మంలో నన్ను ఆపింది.

"నీకు తెలుసు గదే?" అంది.



"తెలుసులే," అని ఆమే జవాబు చెప్పుకుని లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత రెండేళ్లు అక్కడే దుప్పట్లు పిండింది. ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. ఎండు నెత్తళ్ల చేపలు వేయించినప్పుడల్లా నాకో పొట్లం తెచ్చేది. ఆ పొట్లాలు తలుచుకుంటే ఇప్పుడు ఆమె మీద కూడా కోపం వస్తోంది. నా చెంప మీద ఒక్కటి ఇవ్వాల్సింది. అందరి ముందూ అరవాల్సింది. ఏమీ అనకుండా నెత్తళ్లు తినిపించి, నన్ను ఇలా వదిలేసి పోయింది.

శుక్రవారం హోటల్లో సంతాప సభ పెట్టారు. పెద్దమ్మ ఫోటోకి దండ, పక్కన కొవ్వొత్తులు. మేనేజరు మైకు తీసుకుని, ఆమె మా హోటల్ కుటుంబానికి తల్లి లాంటిదన్నాడు. ఆమె చేతుల్లో ఏదో మాయ ఉండేదన్నాడు. ఏ చేతులు? తడివని నువ్వు కాగితం మీద రాసిన చేతులేనా? ఈ మాట అక్కడే అడగాల్సింది. అడగలేదు. చప్పట్లు కొట్టకుండా నిలబడ్డాను, అంతే. అదేదో ధైర్యం అనుకున్నాను. సిగ్గుచేటు.

బీరువా ఖాళీ అయ్యాక ఆ బంగారు అంచు మీటరు నా స్టోర్లోకే చేరింది. సభ అయ్యాక దాన్ని తీసి, సోడా మూతలో ఉప్పు పోసి డబ్బాలో పెట్టాను. మరునాడు మూత తీస్తే ముల్లు అరవై నాలుగు దగ్గర ఉంది. డెబ్బై అయిదు ఉండాల్సిన చోట అరవై నాలుగు! తడి తక్కువగా ఉందని అది చెబుతూ పోయింది, మేము ఇంకా తడి ఊదుతూ పోయాం.

డబ్బా అలాగే పట్టుకెళ్లి మేనేజరు బల్ల మీద పెట్టాను. ఆయన ముల్లు వైపు వంగి చూశాడు.

"ఇది ఇప్పుడు తప్పు చూపిస్తోంది. అప్పుడూ తప్పేనని గ్యారంటీ ఏంటి?"

"అప్పుడే చెప్పింది కదా సార్, మీ ముందే. ఒక్కరోజు ఇస్తే తేలిపోయేది."

"ఆమె లేదిప్పుడు. అబ్ కిస్‌కా ఫాయదా?"

ఎవరికి లాభమట! లేని మనిషికి నిజంతో పనిలేదని ఆయన లెక్క. బయటికొచ్చి నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని, పెద్దమ్మకు ప్రతి క్యానూ నేనే ఇచ్చానని, మీటరు తప్పని కాగితం రాసి నోటీసు బోర్డు మీద ఆమె సంతాప ప్రకటన పక్కనే అతికించాను. మధ్యాహ్నానికి అది లేదు. మళ్లీ అతికించాను. సోమవారం నన్ను ఆఫీసుకు రమ్మన్నారు. వెళ్తాను. ఏం చేస్తారో చేసుకోనీ.

ఆదివారం పొద్దున్న ఆ కాగితం ఇంకో ప్రతి తీసుకుని ఎయిర్‌పోర్టు పక్కన లంబాలైన్‌లో ఉన్న దీదీ ఇంటికి వెళ్లాను. ఆమె తలుపు సగమే తీసింది. లోపలికి రమ్మనలేదు.

"దీదీ, అమ్మ తప్పు చెయ్యలేదు. నీళ్లు మంచివే. నాకు తెలుసు. తెలిసే సంతకం పెట్టాను," అన్నాను.

సరిగ్గా అప్పుడే మా నెత్తిమీదుగా విమానం దిగింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. నా చివరి మాటలు ఆ హోరులో కొట్టుకుపోయాయి. దీదీ కదలలేదు. ఒక చెయ్యి తలుపు మీద వేసి, నా మొహంలోకే చూస్తూ, ఆ చప్పుడు పూర్తిగా అణిగేదాకా ఆగింది.

"ఇనపళ్లేదు," అంది. "మల్లీ సెప్పు."