కాలవలో కడిగిన జీపు

నాన్న పోయాక గుడివాడ అవతల ఉన్న చేపల చెరువుల్లో ఒకటి అన్నయ్యకు, ఒకటి నాకు వచ్చాయి. నాన్న పాత ఫోర్‌వీల్ డ్రైవ్ జీపు కూడా నాకే వచ్చింది. అన్నయ్యకు కారు ఉంది కాబట్టి అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. వానలు పడితే మాత్రం ఆ చెరువు గట్ల మీదికి జీపు తప్ప ఇంకేదీ పోదు. విజయవాడ నుంచి రోజు విడిచి రోజు వెళ్లి మేత, నీళ్లు చూసుకునేదాన్ని. జీపు లేకపోతే నా చెరువు నా చేతిలో ఉండదు. ఆ సంగతి నాకెంత తెలుసో అన్నయ్యకూ అంతే తెలుసు.

అందుకే దసరా వెళ్లాక ఎడమవైపు ముందు చక్రం మూలగడం మొదలుపెడితే వాడి మొహం వెలిగిపోయింది.

"దాని పనైపోయిందే చెల్లాయ్. పాత ఇనప్సామానుకి వేసెయ్. చెరువు నాకు కౌలుకిచ్చి హాయిగా ఇంటికాడ కూర్చో," అన్నాడు.

పిచ్చిదని ముద్ర వేసి కుక్కను చంపడమంటే ఇదే. పక్కనే ఉన్న అమ్మ, "తెగేదాకా లాగకే, అన్నే కదా," అంది. నాకు ఒళ్లు మండింది. లాగేది వాడైతే నీతులు నాకా?

చెరువుల దగ్గరి ఊళ్లో అన్నయ్య ఇంటి ముందే జాకీ వేసి చక్రం లేపాను. పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపితే కటకటలాడింది. చక్రం విప్పి, దాని నడుమ బేరింగులుండే హబ్బు లాగాను. లోపల గ్రీజు పల్చటి మజ్జిగలా కారింది. నీళ్లు పోయాయన్నమాట. ఎలా పోయాయో తెలుసుకోవడానికి జాతకం చూడక్కర్లేదు. ఆయుధపూజ రోజు అన్నయ్య జీపు అడిగి తీసుకెళ్లి, ఊరంతా తిప్పి, ఆ వేడి మీదే కాలవ రేవులో దింపి కడిగాడు. వేడి హబ్బును చన్నీళ్లలో ముంచితే చల్లబడుతూ నీటిని లోపలికి పీల్చేస్తుంది. మా వైపు గేదెల్నీ అలాగే కడుగుతారు, కానీ గేదెకు బేరింగులు ఉండవు.

పాత బేరింగు గుడ్డలో చుట్టి బస్సులో విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లాను. విడిభాగాల కొట్టాయన దాన్ని చూసి, తర్వాత నన్ను చూసి, "మీ మెకానిక్‌ని పంపండమ్మా," అన్నాడు.

"మెకానిక్కే వచ్చిందండీ," అన్నాను.

మర్నాడు కొత్త బేరింగుతో తిరిగొచ్చి, హబ్బులో బేరింగు కూర్చునే పాత ఇనప కప్పుల్ని కొట్టి బయటికి తీశాను. కొత్తవాటిని చుట్టూ సమంగా తట్టుతూ, సుత్తి చప్పుడు గట్టిపడి ఖంగుమనేదాకా దింపాను. అరచేతిలో గ్రీజు పెట్టుకుని బేరింగు రోలర్ల సందుల్లోకి కూరాను. నాన్నకు చేతులు వణికే జబ్బు వచ్చాక, ఆయన పక్కన కూర్చుని చెబుతుంటే ఈ పనంతా చేసింది నేనే. అన్నయ్యకు అప్పుడు తీరిక ఉండేది కాదు.

ఇప్పుడు మాత్రం తీరిగ్గా వచ్చి నిలబడ్డాడు. చక్రం తిప్పుతూ నట్టు బిగిస్తున్నాను. బేరింగు సర్దుకునేదాకా గట్టిగా బిగించి, తర్వాత పావు చుట్టు వెనక్కి వదిలాను.

"వదులు చేస్తన్నావేంటే? ఊడిపోద్ది. ఇటివ్వు, మగాడి చెయ్యి పడాలి," అంటూ పానా కోసం చెయ్యి చాపాడు.

పానా ఇవ్వలేదు. బిగుసుకుపోయిన బేరింగు వేడెక్కి మాడిపోతుంది. ఆ పావు చుట్టు వదులు నట్టుకు ఇచ్చాను, అన్నయ్యకు ఇవ్వలేదు. అది కదలకుండా పైన రెండో నట్టు కూడా బిగించి, వాషరు అంచు దాని మీదికి మడిచి, చక్రం ఎక్కించాను.

"ఊడుద్దో లేదో నువ్వే కూర్చుని చూడు. ఎక్కు," అన్నాను.

మోకాలి లోతు బురదలో గట్టు పొడుగునా తోలి నా చెరువు దగ్గర ఆపాను. దారంతా చక్రం కిక్కురుమనలేదు. దిగి హబ్బు మీద చెయ్యి పెట్టి చూడమన్నాను. కాలితే వెంటనే తీసేసేవాడు. చాలాసేపు అలాగే ఉంచాడు.

"బాగానే ఉందిలే," అన్నాడు చివరికి. "అయినా కౌలు సంగతి మాత్రం..."

నేను స్టీరింగు ముందు కూర్చుని ఇంజను స్టార్టు చేశాను.

"ఆ మాట ఇంకోసారి ఎత్తావంటే ఇక్కణ్ణించి నడిచే పోవాలన్నయ్యా. నీ కారు ఇక్కడిదాకా రాదు."

అన్నయ్య గట్టు మీది బురదను చూశాడు, తన తెల్ల ప్యాంటును చూసుకున్నాడు. వచ్చి జీపెక్కాడు.