నాన్న చొక్కా పొడిగా ఉంది

శ్రీకాకుళంలో డాక్టరు గారి దగ్గరికి నేను బీపీ మాత్రల కోసమే వెళ్ళాను. మాత్రలు రాసి పంపేస్తే సుఖంగా ఇంటికొచ్చేదాన్ని. ఆ రోజు ఆయనకు తీరిక చిక్కింది. ఏం తింటానని అడిగారు. ఎండుచేపలు నానబెట్టి, ఉప్పు పోయేలా కడిగి వండుతానని కాస్త గొప్పగానే చెప్పాను. ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అన్నారు. ఎప్పటిలాగే లేదన్నాను.

"మీ నాన్నగారు ఎలా పోయారు?"

"సముద్రంలోనండి. గంగమ్మ తీసుకెళ్ళింది."

"మునిగిపోయారా?"



మా ఊళ్ళో చేపల వేటకెళ్ళి ప్రాణంతో తిరిగి రానివాణ్ణి గంగమ్మ తీసుకెళ్ళిందనే అంటారు. ఎలా పోయాడని ఎవరూ అడగరు. అడిగితే ఆ తల్లిని నిలదీసినట్టే. నాన్నను పడవలోనే తెచ్చారు, వల మీద పడుకోబెట్టి. అమ్మ ఆయన మీద పడి ఏడుస్తుంటే నేను చొక్కా పట్టుకున్నాను. పొడిగా ఉంది. అది ఇన్నేళ్ళూ నా చేతికి గుర్తుంది, బుర్రకే తట్టలేదు. బడిలో పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని, నా మీద నాకే ఒళ్ళు మండింది. చొక్కా సంగతి డాక్టరు గారికి చెప్పాను.

గుండెపోటని ఇప్పుడు రూఢిగా చెప్పలేమనీ, కానీ లేదని మాత్రం రాయలేననీ అన్నారు డాక్టరు గారు. నాన్న చిన్న వయసులో అలా పోతే పిల్లలు నొప్పి వచ్చేదాకా ఆగకూడదట. తోడబుట్టినవాళ్ళ గురించి అడిగారు. తమ్ముడున్నాడు, వేటకెళ్తాడు, రోజుకో కట్ట బీడీలు కాలుస్తాడు. నాన్న పోయేనాటికి నలభై రెండు. వాడికి నలభై ఒకటి. ముందు వాణ్ణి తీసుకురమ్మన్నారు.

నేరుగా ఊరికెళ్ళాను. తమ్ముడు ఇసకలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. పక్కనే అమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది. పరీక్షలంటే వాడు నవ్వాడు. "నాకేటయ్యిందక్కా? తింటన్నాను, తిరుగుతన్నాను." నాన్న సంగతి నోటిదాకా వచ్చినా అమ్మను చూసి ఆపుకున్నాను. గంగమ్మ తీసుకెళ్ళిందన్న ఆ ఒక్క మాట పట్టుకునే ఆవిడ ఇన్నేళ్ళు బతికింది. దాన్ని లాగేసే ధైర్యం నాకు లేదు. ఉప్పు గురించి, బీడీల గురించి ఏదో చెప్పాను. వాడు తలాడిస్తూ వల అల్లుకుంటున్నాడు.

అమ్మే చేపల బుట్ట కింద పెట్టింది.

"మీ అయ్య నీటిలో పోనేదురా. అంతకుముందు వారం నుంచీ రొమ్ము పట్టేస్తన్నాదనేవోడు. కర్పూరం నూనె రాసి వేటకి పంపీసినాను. ఇన్నాళ్ళూ గంగమ్మ మీదకి నెట్టీసినాను." తమ్ముడి దగ్గరికి జరిగింది. "పొద్దున్న నా నూనె సీసా నువ్వు తీసినావు. సూసినాను. ఎన్నాళ్ళ నుంచిరా?"

తమ్ముడు తల ఎత్తలేదు. పది రోజులన్నాడు.

ఉప్పంటిన చేతులు కొంగుకు తుడుచుకుని, ఆటో పిలవమని నన్ను కసిరింది అమ్మే. దారంతా వాడి చెయ్యి వదల్లేదు.

ఆ రోజే ఆసుపత్రిలో చేర్చుకున్నారు. తమ్ముడు దక్కాడు. కాగితం నింపుతూ నర్సు అదే ప్రశ్న వేసింది, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అని. నేను నోరు తెరిచేలోపే అమ్మ ముందుకొచ్చింది.

"ఈడి అయ్యకుండీదమ్మా. రాసుకో."