అమ్మల నుంచి వచ్చిన ఎముకలు

ఆదివారం చర్చి నుంచి బయటికి వస్తా ఉంటే ఫోనొచ్చింది, మా పెద్దమ్మ పోయిందని. గుండె ఆగిపోయిందట. ఏడుస్తూనే నేను మొదట అడిగింది, పడిందా అని. పడలేదన్నారు. మా ఇంటి ఆడవాళ్లకు ఆ మాటే పెద్ద ఊరట.

మా అమ్మమ్మ నడివయసు దాటగానే వంగిపోయింది. ఒకరోజు పీట మీద కూర్చోబోయి తుంటి విరిగి మంచాన పడింది. మళ్లీ లేవలేదు. ఆమె తల్లిదీ అదే కథట. ముసలితనమంటే అంతేనని అందరూ అనుకున్నారు.

మా ఊరి బంగారు గనులు మూతపడి పెదనాన్నకు పని పోయినాక, పెద్దమ్మ మారికుప్పం స్టేషన్లో రైలెక్కి బెంగళూరులో బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి పోయేది. ముట్లాగిన కొన్నేళ్లకు వాకిట్లో కాలు జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టిన డాక్టరమ్మ, మీ అమ్మ ఎట్లుండేదని అడిగిందట. ఎముక గట్టిదనం చాలావరకు తల్లిదండ్రుల నుంచే వస్తుందని, ముప్పై ఏళ్ల లోపు నడకతో, తిండితో ఇంకా పెంచుకోవచ్చని, ముట్లాగినాక తొందరగా తరుగుతుందని, ముందే తెలిస్తే చాలావరకు నిలబెట్టుకోవచ్చని చెప్పిందట.

పెద్దమ్మ ఆ కట్టుతోనే మా ఇంటికొచ్చింది, తన చెల్లెలైన మా అమ్మను ఎముకల పరీక్షకు తీసుకుపోదామని. దేవుడు రాసింది ఎవరు తప్పిస్తారని అమ్మ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు.

"మనమ్మ మనకు కారే ఇల్లిచ్చింది. అట్లని తడస్తా కూసుంటామా? లెయ్, ఇంగ చీర మార్చుకో," అనింది పెద్దమ్మ.

అమ్మ ఎముకలూ పలచబడినాయని తేలింది. మందులు, పాలు, రాగిసంగటి, అన్నీ అక్కచెల్లెళ్లు కలిసే మొదలుపెట్టినారు. అమ్మకిప్పుడు డెబ్బై దాటినాయి. చర్చికి ఇంకా నడిచే వస్తుంది.

పోయినేడు నా వంతొచ్చింది. రిపోర్టు చూసుకుని ఏడ్చినాను. పెద్దమ్మ ఓదార్చలేదు. పక్కన కూర్చుని అలసందలు ఒలుస్తానే అనింది: "భయపడేదానికి టైముండాదంటే, బాగుచేసుకునేదానికీ టైముండాది పాపా."

చివరికి ఆమె వీపూ కొంచెం వంగింది, నిజమే. అయినా ఆ మణికట్టు తర్వాత ఇంకో ఎముక విరగలేదు.

పోయిన నెల ఒక పొద్దున పాలకని బయటికొచ్చినాను. గనుల రాయిని పొడిచేసి, సైనైడ్‌తో బంగారం తీసినాక పోసిన మట్టి గుట్టను మేము సైనైడ్ దిబ్బ అంటాము. దాని పక్క దారిలో పెద్దమ్మ, నా కూతురు నడిచిపోతా కనిపించినారు. అమ్మాయికింకా ముప్పై నిండలేదు. తనకోసం అడుగు తగ్గించొద్దని పెద్దమ్మ చేతికర్రతో ముందుకు చూపిస్తా ఉండింది. దిబ్బ మీదుగా లేచిన ఎండ ఇద్దరి వీపుల మీదా పడతా ఉండింది.