వర్ధంతి దాకా ఆపిన ఇంజెక్షన్

మా అమ్మాయి కుమారి పదకొండో ఏట ఒకరోజు బడి నుంచి కుంటుకుంటూ వచ్చింది. మోకాలు వాచింది. ఆటల్లో పడిందనుకుని పసుపు రాశాను. మర్నాటికి వాపు మోచేతికి వచ్చింది. వారం తిరిగేసరికి కుళాయి దాకా నడిచినా ఆయాసపడేది.

నేనూ మా ఆయనా రావులపాలెం అరటి మార్కెట్లో గెలలు మోస్తాం. పని మానుకుని కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. గుండెకి ఎకో స్కాన్ తీశారు. "రుమాటిక్ హార్ట్ అమ్మా, కీళ్ల జ్వరం గుండెకి పట్టింది. వాల్వ్ కొంచెం లీకవుతోంది. పెనిసిలిన్ ఇంజెక్షన్ ఇరవై ఒక్క రోజులకోసారి పడాలి. ఒక్క డోసు కూడా తప్పకూడదు, తప్పితే మామూలు గొంతునొప్పి వచ్చినా మళ్లీ గుండెకే దెబ్బ" అన్నారు డాక్టరు గారు. ఏడాదిన్నర పాటు, పస్తులున్నా సరే, ఒక్కటీ తప్పనివ్వలేదు.

అప్పుడు మా దగ్గరి ఊళ్లో ఒక మోతుబరి గారి ట్రస్టు వాళ్లు పేద రోగుల జాబితా రాసుకుని, ఏడాదికి సరిపడా ఇంజెక్షన్లు ఇస్తామన్నారు. చేతులెత్తి దణ్ణం పెట్టాను. మందులు వచ్చేశాయి కూడా. కానీ ఆయన తండ్రి గారి వర్ధంతి రోజున స్టేజి మీదే పంచాలట. కుమారి డోసు అంతకు పన్నెండు రోజుల ముందే పడాలి. ట్రస్టు సెక్రటరీ ఇంటికి వెళ్లాను.

"ఒక్కటి ముందు ఇప్పించండి బాబుగారండి. మిగతావి ఆ రోజే తీసుకుంటాం."

"పెట్టె ఇప్పుడే విప్పేస్తే స్టేజి మీద ఏం ఇస్తామమ్మా? పది రోజుల్లో కొంపలేం మునిగిపోవు. కొనుక్కోగలిగితే చెప్పు, నీ చోటు ఇంకొకరికి ఇస్తాం."

ఆ మాటకి భయపడ్డాను. షాపులో కొంటే ఎవరైనా చూసి చెబుతారని, ఎప్పటిలా కొనాల్సింది కొనలేదు. ఆ బుద్ధితక్కువ పని నాదే. కానీ నన్నంత భయపెట్టే హక్కు వాళ్లకెవరిచ్చారు?

వర్ధంతి నాటికి పిల్లకి గొంతునొప్పి, జ్వరం. ముఖ్య అతిథి గారు వచ్చేదాకా రెండు గంటలు షామియానా కింద కూర్చోబెట్టారు. పెట్టె చేతికిచ్చి ఫోటో తీసేటప్పుడు "పాపని కాస్త నవ్వమనమ్మా" అన్నాడు సెక్రటరీ. ఒళ్లు మండిపోయింది. అయినా "నవ్వమ్మా" అన్నాను నేను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ సాయంత్రమే ఇంజెక్షన్ వేయించాను. రెండు వారాలకి కీళ్లు మళ్లీ వాచాయి. పడుకుంటే ఊపిరాడేది కాదు. మళ్లీ కాకినాడ తీసుకెళ్లాం. "డోసు ఎందుకు ఆలస్యం చేశారమ్మా?" అని డాక్టరు గారు కసిరారు. జరిగింది చెప్పాను. ఆయన వెంటనే మళ్లీ ఎకో తీయించారు. ఎకోలో లీకేజ్ బాగా పెరిగింది. నెల రోజులు వార్డులోనే ఉన్నాం.

ఇప్పుడు కుమారి ఇంటర్ చదువుతోంది. డోసు తేదీ తనే క్యాలెండర్లో రాసుకుంటుంది. మెట్లెక్కేటప్పుడు సగంలో ఆగుతుంది. ఎప్పటికైనా వాల్వ్ మార్చక తప్పదన్నారు.

నాలాంటి తల్లులకి చెప్పేదొకటే. ఎవరో ఇస్తారని డోసు తేదీ దాటనివ్వకండి. జాబితాలో పేరు పోతే పోనివ్వండి. ఇచ్చేవాళ్లు కూడా వినండి. మీ నాన్నగారి పేరు పెట్టుకోండి, బ్యానర్లు కట్టుకోండి. మందు మాత్రం డాక్టరు రాసిన రోజున ఇవ్వండి. ఆ వర్ధంతి ఏటా వస్తుంది. నా పిల్లకి పాడైన వాల్వ్ మళ్లీ బాగవదు.